బుల్లి కామా పై గీతకు ఎందుకు ఎక్కింది?

ఒకప్పుడు ఇంగ్లీషు అక్షరాల వీధిలో కామాలన్నీ కింది గీత మీదే కూర్చునేవి. పై గీత దగ్గర ఒక్క కామా కూడా ఉండేది కాదు.

ఆ వీధిలో 'నాట్' వాళ్ళ ఇల్లు ఉంది. ఇంట్లో ముగ్గురు. 'ఎన్' అక్షరమైన ఎన్నక్క, గుండ్రటి 'ఓ' తాత, 'టీ' బాబాయి. వాళ్ళ గుమ్మం ముందు ఒక బుల్లి కామా తోక ముడుచుకుని కూర్చునేది. దానికి ఇల్లూ వాకిలీ లేవు. తాత రోజూ దాన్ని పిలిచి, తన కంచంలోదే గుప్పెడన్నం పెట్టేవాడు.

ఒకరోజు పెద్ద గాలి వీచింది. తాత గుండ్రంగా ఉంటాడు కదా, దొర్లుకుంటూ వీధి దాటిపోయాడు.

"ఆగు గాలీ, మా తాతను వదిలిపెట్టు" అంది ఎన్నక్క.

"నాకు ఆగడం చేతకాదమ్మా" అంటూ గాలి సాగిపోయింది.

చలికి వణుకుతూ ఎన్నక్కా, టీ బాబాయీ పక్కింటి 'డు' వాళ్ళను ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళిద్దరి మధ్య తాత చోటు ఖాళీగా ఉంది.

"ఆ ఖాళీ ఎందుకు? దగ్గరికి జరగండి" అన్నారు వీధిలోవాళ్ళు.

"జరిగితే, తాత వచ్చి ఎక్కడ నిలబడతాడు?" అన్నాడు టీ బాబాయి.

బుల్లి కామా లేచి వచ్చింది. "తాత వచ్చేదాకా ఆ చోటు నేను కాస్తాను."

"నువ్వు కింద కూర్చుంటే చదివేవాళ్ళు అక్కడ ఆగిపోతారే" అంది ఎన్నక్క.

"అయితే పైన వేలాడతాను" అని కామా ఒక్క గెంతు గెంతి పై గీతను పట్టుకుంది. గాలి మళ్ళీ వచ్చి ఊపేసింది. ఒళ్ళంతా నొప్పెట్టింది. అయినా కామా వదల్లేదు. అలా 'డు', 'నాట్' కలిసి 'డోంట్' అయ్యాయి.

మూడోరోజు తాత ఆయాసపడుతూ వచ్చాడు. తన చోటు తనకే ఉంది. తల ఎత్తి చూశాడు.

"నేను పెట్టింది గుప్పెడన్నమే తల్లీ. నువ్వు నా చోటే నిలబెట్టావు" అన్నాడు. "తొందరలో ఏ అక్షరం రాలేకపోయినా, ఇకనుంచి దాని చోట నువ్వే ఉండు."

వీధిలోవాళ్ళు కూడా చేతులు జోడించారు. "ఎవరి వస్తువు ఎవరిదో కూడా నువ్వే చెప్పమ్మా" అని 'ఎస్'ను తోడిచ్చారు. 'బంతి' అనే మాట ముందు రాణి పేరు, దాని పక్కన కామా, ఆ పక్కన 'ఎస్' నిలబడితే, ఆ బంతి రాణిది అని అందరికీ తెలిసిపోయేది.

చివరికి చిన్నారి 'ఇట్' వచ్చింది. "నా గూడు నాదని చెప్పవూ?" అని అడిగింది.

కామా ఇబ్బంది పడింది. "నీ పక్కింటి 'ఈజ్'లో 'ఐ' అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఆమె రానప్పుడు నీ పక్కన ఆమె చోటు కాస్తున్నాను. రెండిటికీ నేనే ఉంటే ఏది ఏదో తెలియదమ్మా."

'ఇట్' ఆలోచించింది. "అయితే అవ్వ చోటే కాయి. ముసలామె కదా. నాకు ఒక్క 'ఎస్' చాలు."

కామా కళ్ళు చెమర్చాయి. "నీ మేలు మరచిపోను" అంది.

అప్పటినుంచే ఆ కామా అపాస్ట్రఫీ అని పేరు తెచ్చుకుని పై గీత దగ్గర వేలాడుతోంది. 'ఇట్ ఈజ్' కలిసి 'ఇట్స్' అయినప్పుడు అవ్వ చోట ఉంటుంది. 'దాని' అని చెప్పే 'ఇట్స్'లో మాత్రం ఈనాటికీ ఉండదు.