ఎర్రవంక అడిగే భైరవుడు

కానుగపల్లె దాటి కొండదారి పట్టిన వారికి, మెట్ట ఎక్కకముందే ఎర్రవంక ఒడ్డున ఒక చిన్న రాతిగుడి కనిపిస్తుంది. ఇక్కడ వెలసిన స్వామిని అడిగే భైరవుడు అంటారు. గుడికి గోపురం లేదు. ధ్వజస్తంభం ఉండవలసిన చోట నున్నగా అరిగిన ఒక కట్టుగుంజ మాత్రం ఉంది. వంకలో దాదాపు ఏడాది పొడుగునా ఇసుకే తప్ప నీరు ఉండదు. ఆ ఇసుకను చూసి వంకను తేలికగా తీసుకోవద్దని యాత్రికులకు మొదటే మనవి చేస్తున్నాము.

స్వామి నల్లరాతి మూర్తి. నడుము వరకే దర్శనమిస్తాడు, మిగిలినది భూమిలో ఉంది. మెడ చుట్టూ తాడు ఒరుసుకున్న గీత ఒకటి అభిషేక సమయంలో స్పష్టంగా కనిపిస్తుంది. భైరవుని పక్కన వాహనంగా శునకం ఉండడం అంతటా ఉన్న ఆచారమే. ఈ క్షేత్రంలో స్వామి కుడిపక్కన చదును చేసిన ఇసుక తప్ప ఏమీ లేదు. ఇది లోపమని భావించిన ఒక భక్తుడు గ్రానైటు శునకాన్ని చెక్కించి లారీలో పంపించాడు. దానిని మర్యాదగా అందుకొని బయటి ఆవరణలో నిలిపారు. పిల్లలు దాని మీదెక్కి ఫోటోలు దిగుతున్నారు. గర్భగుడిలోకి మాత్రం దానిని రానివ్వలేదు. కారణం ఈ కథలోనే ఉంది.

కుక్కలకు ప్రవేశం లేదనే బోర్డు ఇక్కడ కనిపించదు. తాడు లేని కుక్కకు, తాడు పట్టుకునే మనిషి లేని కుక్కకు ప్రవేశం లేదనే బోర్డు ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, స్వామి ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. ఒడ్డున ఒక కానుగ చెట్టు, దాని నీడలో ఇసుకలోంచి పొడుచుకు వచ్చిన గుండ్రటి రాయి మాత్రం ఉండేవి. వేసవి చివర కురుబ హొన్నప్ప, అతని భార్య మాళమ్మ గొర్రెలను తోలుకొని ఈ ప్రాంతానికి వచ్చేవారు. ఎరువు కోసం రైతులు పిలిచి తమ చేలలో మందను ఆపించుకునేవారు. ఆ ఏడు వారి మంద వంక పక్క చేలో దిగింది. పిల్లగొర్రెల కోసం ముళ్ళకంపతో కట్టిన రొప్పం వంకకు దగ్గరగా ఉండేది.

వారికి కరియ అనే నల్ల కుక్క ఉండేది. తోడేలు వాసన పసిగట్టడంలో దానికి దీటు లేదని చెప్పుకునేవారు. మాళమ్మ తన ముద్దలో మొదటి తుంచు దానికి పెట్టేది. అది కుక్కను పాడుచేయడమని హొన్నప్ప గొణిగి, ఆమె చూడనప్పుడు తన ముద్దలోనుంచి ఇంకో తుంచు పెట్టేవాడు. పిల్లలు లేని ఆ ఇద్దరికీ కరియ అంటే ప్రాణం.

ఒకనాడు గాజులమ్మే ఓబులమ్మ గంప నెత్తిన పెట్టుకొని మంద దగ్గరికి వచ్చింది. కొత్త మనిషిని చూసి కరియ లేచింది. హొన్నప్ప బావి దగ్గర ఉన్నాడు. మాళమ్మ పొయ్యి దగ్గర ఉంది. కుక్క మొరుగు ఇద్దరికీ వినబడింది. ఆమె పిలుస్తుందిలే అని అతను, అతను పిలుస్తాడులే అని ఆమె అనుకున్నారు. ఈలోగా కరియ ఓబులమ్మ పిక్క పట్టింది. గంప పడి గాజులన్నీ పగిలాయి.

మాళమ్మ ఓబులమ్మను బావి దగ్గరికి తీసుకుపోయి, కుంకుడు నురగతో గాయాన్ని చాలాసేపు కడిగింది. నడవలేని మనిషిని పంపించక, మానేదాకా తమ గుడారంలోనే ఉంచుకుంది. ఆ రోజుల్లో అంతకు మించిన వైద్యం లేదు. (ఈ కథ విని, కుక్క కరిచిన వారు స్వామి విభూతి పూసుకొని ఇంటికి వెళ్ళిపోవడం మా దృష్టికి వచ్చింది. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. సూదిమందు పూర్తిగా వేయించుకున్న తరువాత విభూతికి తొందర లేదు.)

సంగతి తెలిసి ఊరివారు కర్రలతో వచ్చారు. కరిచిన కుక్కను బతకనివ్వకూడదన్నారు. హొన్నప్ప కుక్కకు అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు గుడారంలోనుంచి ఓబులమ్మే మాట్లాడింది.

"కరిపించుకున్నదాన్ని నేను. దాన్ని సంపొద్దండి. ఆయప్పను కట్టేసుకోమనండి, చాలు."

ఊరివారు ఆ మాటకు ఒప్పుకున్నారు. పగటిపూట, మనుషులు తిరిగే వేళ, కుక్క కట్టులో ఉండాలి. పొద్దుగూకాక మందకు కాపలాగా వదలవచ్చు. హొన్నప్ప భైరవుని పేరు మీద ప్రమాణం చేశాడు. మేకవెంట్రుకలతో గట్టి తాడు పేనాడు. నీడ ఉంటుందని కానుగ కిందనే చోటు చూసి, ఆ గుండ్రటి రాతి అడుగున ఇసుక కాస్త తవ్వి, సన్నబడిన చోట తాడు చుట్టి ముడివేశాడు. ముడి వేయడంలో అతనికి పేరుంది. తాను వేసిన ముడి మాళమ్మ తప్ప ఇంకొకరు విప్పలేరని చెప్పుకోవడం అతనికి సరదా.

ఆ నాటి నుంచి పొద్దున కట్టడం, సాయంత్రం విప్పడం జరుగుతూ వచ్చింది. అయితే ఆ పని ఎవరిదో ఇద్దరూ తేల్చుకోలేదు. దగ్గర ఉన్నవారు కట్టేవారు, గుర్తున్నవారు విప్పేవారు. పని జరిగిపోతున్నంత కాలం ఇందులో తప్పు ఎవరికీ కనబడలేదు.

తొలకరికి ముందు ఒకరోజు ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే కొండల మీద మబ్బు కమ్మింది. కరియ పొద్దుటి నుంచి నీరు పెట్టిన గిన్నె వైపు చూడలేదు. వంక ఎగువకు ముఖం పెట్టి, తాడు బిగిసేలా లాగుతూ మొరుగుతూనే ఉంది. ఓబులమ్మ కుంటుతూ అటూ ఇటూ తిరుగుతున్నందుకు మొరుగుతున్నదని మాళమ్మ అనుకున్నది. "ఊరుకో కరియా, అక్కను మళ్ళీ బెదరగొడ్తావా" అని రెండుసార్లు కసిరింది కూడా. ఆ కసిరిన మాటలను ఆమె బతికినన్నాళ్ళూ తలచుకునేదని పూజారుల ఇంటివారు చెబుతారు.

మిట్టమధ్యాహ్నం దాటాక బండలు దొర్లుతున్నట్టు చప్పుడు వినబడింది. చినుకు పడకుండానే వంక వచ్చింది. హొన్నప్ప కేకలు వేస్తూ మందను మెట్ట మీదికి తోలాడు. మాళమ్మ రొప్పంలోని పిల్లగొర్రెలను కంబళిలో మూటగట్టి నెత్తిన ఎత్తుకొని, ఇంకో చేత్తో ఓబులమ్మను పట్టుకొని ఎక్కింది. తుప్పలు గీరుకుని రక్తాలు కారుతున్నా ఎవరూ ఆగలేదు. పైకి చేరాక గొర్రెలన్నీ ఉన్నాయని చూసుకొని ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు చూశారు.

"కరియ ఏదీ?" అన్నాడు హొన్నప్ప.

"నువ్వు ఇప్పలేదా?"

"నువ్వు ఇప్పినావనుకుంటినే!"

"రొప్పంలో నేనుంటిని గదయ్యా! నువ్వు ఇప్పింటావనుకుంటిని."

ఓబులమ్మ కింద కూర్చుండిపోయింది. "కట్టేయమన్నది నేనే. ఇడ్సిపెట్టి రమ్మని నేను జెప్పలేదే తల్లీ" అని ఏడ్చింది.

హొన్నప్ప వెనక్కి పరుగెత్తాడు. నీళ్ళు అప్పటికే నడుము లోతున ఉన్నాయి. కరియ రాతి మీదికెక్కి నిలబడి ఉంది. తాడు నీళ్ళలోకి బిగిసి ఉంది. అతను రావడం చూడగానే అది మొరగడం మానేసి తోక ఊపింది. విప్పడానికే వస్తున్నాడనుకుంది. నిజంగా అందుకే వచ్చాడు. కాని పొద్దుటి నుంచి లాగి లాగి బిగిసిన ముడి, నీళ్ళకు ఉబ్బి రాయిలా అయింది. కొడవలి గుడారంలో ఉంది, గుడారం అప్పటికే కొట్టుకుపోయింది. గోళ్ళు ఊడేలా పెనుగులాడాడు. పళ్ళతో పట్టి లాగాడు. ఎవరూ విప్పలేని ముడి అతనికీ రాలేదు. ఎగువ నుంచి కొట్టుకు వచ్చిన ఒక మాను అతన్ని తాకి ఒడ్డుకు విసిరింది. లేచి చూసేసరికి రాయి కనబడలేదు. దాని మీద నిలబడినదీ కనబడలేదు.

మరునాడు వంక తగ్గింది. ముగ్గురూ దిగి వెళ్ళారు. వరద ఇసుకనంతా కోసుకుపోవడంతో, గుండ్రటి రాయి అనుకున్నది శిరస్సుగా, దాని కింద మెడ, భుజాలు, డమరుకం పట్టిన చేయి బయటపడ్డాయి. ఇన్నాళ్ళూ వారు తాడు కట్టింది భైరవుని మెడకే. ఆ తాడు ఇంకా అక్కడే ఉంది. దాని రెండో కొసన, స్వామి కుడిపక్కన, కరియ ఇసుకలో ముడుచుకొని పడి ఉంది.

దానిని అక్కడే పూడ్చారు. మాళమ్మ తన కంబళి కప్పింది.

స్వామి వెలసిన వార్త విని ఊరు ఊరంతా కదిలి వచ్చింది. స్వామి మెడకు తాడు ఉండడం అరిష్టమని, వెంటనే కోసేయమని తలా ఒక కొడవలి ఇవ్వబోయారు. హొన్నప్ప ఏదీ అందుకోలేదు. ఆలుమగలు ఆ ఇసుక పక్కనే కూర్చున్నారు. అలసట వల్ల పట్టపగలే ఇద్దరికీ కన్ను మూతపడింది. ఇద్దరికీ ఒకే కల వచ్చింది. కలలో స్వామి, మెడలో తాడుతోనే నిలబడి, కోపం లేకుండా అడిగాడు: "కుక్కనెవరు విప్పారు?"

ఇద్దరూ తలలు వంచుకున్నారు. స్వామి శపించలేదు, ఓదార్చలేదు. జవాబు కోసం నిలబడి ఉన్నాడు, అంతే. ఆ నిలబడడం భరించలేక ఇద్దరికీ మెలకువ వచ్చింది.

ఒకరి కల ఒకరికి చెప్పుకొని ఏం చేయాలో తోచక ఉండగా, ఓబులమ్మ అన్నది: "అడిగిన దేవునికి జవాబు చెప్పల్ల గదా. ఊరికే కూసుంటే ఎట్ల?"

ఆలుమగలు లేచి స్వామి ఎదుట నిలబడ్డారు. "నేను ఇప్పలేదు సామీ" అన్నది మాళమ్మ. "నేనూ ఇప్పలేదు. కట్టింది మాత్రం నేనే" అన్నాడు హొన్నప్ప. తప్పును ఒకరి మీద ఒకరు తోసుకోకుండా ఆ మాటలు చెప్పిన తరువాత ఇద్దరూ ముడి మీద చేతులు వేశారు. పొద్దుగూకేదాకా కూర్చుని, నార నారగా సడలించి, కోయకుండా విప్పారు. స్వామి మెడ మీది గీత ఆనాటిదే.

వారు ఇక మంద తోలుకొని పోలేదు. ఇక్కడే స్థిరపడి స్వామికి దీపం పెట్టసాగారు. కొన్నాళ్ళకు ఊరివారొకరు ఒక కుక్కపిల్లను తెచ్చి ఇస్తే, మాళమ్మ చేతులు వెనక్కు పెట్టుకొని, "ముందు ఇది ఎవరిదో జెప్పండి" అన్నది. హొన్నప్ప నాదన్నాడు. అప్పుడే ఆమె దానిని ఇంట్లోకి రానిచ్చింది. నేటి పూజారులు వారు పెంచుకున్న బిడ్డ వంశస్థులు. జాతరలో స్వామికి కొత్త తాడు సమర్పించే హక్కు ఓబులమ్మ వంశానిదే.

ఈ క్షేత్రంలోని ఆచారాలన్నీ ఆ ప్రశ్ననుంచే వచ్చాయి. కుక్కతో వచ్చిన భక్తుడు దానిని కట్టుగుంజకు జారుముడితో కట్టాలి. ఒక కొస పట్టి లాగితే ఊడివచ్చే ముడి అది. రానివారికి పూజారి నేర్పుతాడు, ఎంత చదువుకున్నవారైనా వేసి చూపిన తరువాతే దర్శనం. హారతి అయ్యాక భక్తుడు కుక్కను విప్పుకొని లోపలికి తీసుకువస్తే, పూజారి, "కుక్కనెవరు విప్పారు?" అని పెద్దగా అడుగుతాడు. తాడు చేతిలో ఉన్న ఒక్కరే తమ పేరు చెప్పి, "నేను విప్పాను" అనాలి. మేము విప్పాము అంటే ఒప్పుకోరు. ఇంట్లో కుక్క ఎవరిదంటే అందరిదీ అనే కుటుంబాలు ఇక్కడ కొంచెం ఇబ్బంది పడతాయి.

జాతరలో బాణసంచా కాల్చరు, బెదిరిన కుక్క ఎటు పారిపోతుందో తెలియదు కాబట్టి. పశువైద్యులు వచ్చి టీకాలు వేస్తారు. టీకా వేయించని కుక్కకు తీర్థం ఇవ్వరు. అద్దాలు మూసిన కారులో కుక్కను ఉంచి దర్శనానికి రావడం ఇక్కడ అపచారం. బండ్లు నిలిపే చోట కాపలా ఉండే మనిషి చీటీ చించకముందే వంగి వెనుక సీటు చూస్తాడు.

ఈ ప్రశ్న గుడి దాటి ఊళ్ళోకి కూడా వెళ్ళింది. కొన్నేళ్ళ కిందట వంక పొంగి కానుగపల్లె జనమంతా మెట్ట మీది బడికి చేరవలసి వచ్చినప్పుడు, అప్పటి పూజారి తల్లి గంగులమ్మ గుమ్మంలో ముక్కాలిపీట వేసుకొని కూర్చుంది. వచ్చిన ప్రతి కుటుంబాన్నీ అదే అడిగింది. ఒకామె, "మా ఆయన ఇప్పింటాడులే పెద్దమ్మా" అంటూ లోపలికి రాబోయింది. గంగులమ్మ కర్ర అడ్డం పెట్టింది. "ఇప్పింటాడు అంటే కాదు. ఇప్పినాడా? ఆయప్పను పిలువు." భర్త వచ్చి, ఆమే విప్పిందనుకున్నానన్నాడు. నీరు ఇంకా చీలమండల దాకానే ఉంది. అతను పరుగున వెళ్ళి, కుక్కను భుజాన వేసుకొని తిరిగి వచ్చాడు. గంగులమ్మ కర్ర తీసింది. ఆ రోజు ఊళ్ళో కట్టుతాడుకు ఒక్క కుక్క కూడా మిగలలేదు.

ఈ స్వామిని కొలిస్తే సంపదలు కలుగుతాయని, వ్యాజ్యాలు గెలుస్తారని మేము చెప్పము. ఆయన ఇచ్చేది మరుపు లేని మనసు. తమను నమ్ముకొని కట్టుకు నిలబడిన ప్రాణాన్ని వదిలి రాని ఇంటికి ఆయన రక్ష ఉంటుంది. ఈ కథ చదివినవారు, విన్నవారు ఇల్లు చేరగానే తమ కుక్క కట్టును ఒకసారి విప్పి చూసుకోవలెను. ఆ ఒక్కటే ఇక్కడి మొక్కు.

తొలకరికి ముందు వచ్చే అమావాస్యనాడు కరియ తిథి. మామూలు రోజుల్లో స్వామి కుడిపక్కన ఇసుకలో భక్తుల కుక్కలను కాసేపు కూర్చోబెడతారు. ఆ రోజు మాత్రం అక్కడ ఒక కంబళి పరచి ఉంటుంది. హారతి అయ్యాక పూజారి ఎప్పటిలాగే అడుగుతాడు: "కుక్కనెవరు విప్పారు?" గుడి నిండా జనం ఉంటారు. ఆ రోజు జవాబు చెప్పవలసింది వారు కారు. పూజారి భార్య ముందుకు వచ్చి, "నేను ఇప్పలేదు సామీ" అంటుంది. "నేనూ ఇప్పలేదు" అంటాడు పూజారి. హారతి పళ్ళెం కింద పెడతారు. అప్పుడు చూడాలి, ఎవరూ చెప్పకుండానే ఆ జనంలో ప్రతి చేయీ తన కుక్క తాడు కోసం వెతుక్కుంటుంది.