నేలమ్మ పిల్లలు పట్టుకున్న పట్టు

ఒకప్పుడు, మిట్టమధ్యాహ్నం వేళ. ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. ఆకు కదలడం లేదు.

ఆ రోజుల్లో లోకంలో ఏదీ ఇంకా ముద్ద కట్టలేదు. ఉప్పు, రాగి, బొగ్గు, అన్నీ కంటికి ఆనని చిన్న చిన్న పిల్లలు. ఎవరికి వాళ్ళు తిరిగేవారు. ప్రతి పిల్ల దగ్గరా కొన్ని మిణుకులు, మెరిసే చిన్ని చుక్కలు, ఉండేవి.

వాళ్ళ తల్లి నేలమ్మ. కిందటి గాలివానకు పిల్లలు సగంమంది కొట్టుకుపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఈసారి మబ్బు చూడగానే ఆమె పిల్లలందర్నీ దగ్గరికి పిలిచింది.

"ఒంటరిగా ఉండకండి. ఒకళ్ళనొకళ్ళు పట్టుకోండి," అంది. ఎలా పట్టుకోవాలో చెప్పలేకపోయింది. ఎవరికి తోచినట్టు వాళ్ళు పట్టుకున్నారు.

ఉప్పుపిల్లల్లో కొందరికి ఒక మిణుకు ఎక్కువ, కొందరికి ఒకటి తక్కువ. ఎక్కువున్నవాళ్ళు లేనివాళ్ళకు ఇచ్చేశారు. ఇచ్చినవాడు పుచ్చుకున్నవాణ్ణి ఇక వదల్లేదు. ఇచ్చినవాడి పక్కన పుచ్చుకున్నవాడు, వాడి పక్కన మళ్ళీ ఇచ్చినవాడు, అలా చదరంగా నిలబడ్డారు. ఇచ్చినవాళ్ళిద్దరు పక్కపక్కన చేరితే మాత్రం పడదు.

రాగిపిల్లలు కొన్ని మిణుకుల్ని గుంపు మధ్యలోకి వదిలేశారు.

"ఎవరివైతే ఏంటి, అందరివీ," అన్నారు. ఉప్పుపిల్లల్ని చూసి నవ్వారు. "బంతి భోజనాలకు కూర్చున్నట్టు ఆ వరసలేంట్రా?"

"మీది మాత్రం? సంతలో తోపులాట," అన్నారు ఉప్పుపిల్లలు.

బొగ్గుపిల్లలు ఇంకో దారి పట్టారు. మిణుకుకు మిణుకు జతచేసి, ఒక్కొక్కరు నలుగురి చేతులు పట్టుకుని బిగుసుకున్నారు.

పిడుగు పడి కొండమీది బండ దొర్లింది.

ముందు రాగిపిల్లల మీద పడింది. వాళ్ళు జరిగారు, సాగారు, రేకులా పరుచుకున్నారు. మిణుకులు కూడా వాళ్ళతోపాటే జరిగాయి. ఒక్కడూ విడిపోలేదు.

తర్వాత బొగ్గుపిల్లల మీద పడింది. బండకే బీట పడింది.

చివరికి ఉప్పుపిల్లల మీద పడింది. ఒక వరస ఒక్క అడుగు జరిగింది. అంతే. ఇచ్చినవాడికి ఇచ్చినవాడే ఎదురొచ్చాడు.

"నువ్వా? దూరం జరుగు."

"నువ్వే జరుగు."

నెట్టుకున్నారు. కట్టు ఫెళ్ళున ముక్కలైంది.

ఆపైన వాన. నీటిచుక్కలు ఒక్కొక్కడి చుట్టూ చేరి, "మాతో రా నాయనా," అంటూ మెత్తగా విడదీసి తీసుకుపోయాయి.

వాన వెలిసింది. నేలమ్మ లెక్కపెట్టింది. రాగిపిల్లలు ఉన్నారు. బొగ్గుపిల్లలు ఉన్నారు, వజ్రమై మెరుస్తూ. ఉప్పుపిల్లలు లేరు.

గుంటలో నీళ్ళు నిలిచాయి. తొంగి చూసింది. అడుగుదాకా ఏమీ లేదు. వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"ఇక్కడే ఉన్నారు," అంది.

అక్కడే కూర్చుంది. రోజుల తరబడి ఎండ కాసింది. నీళ్ళు తగ్గాయి. అడుగున తెల్లగా ఒక పలుకు బయటపడింది. మూలలు తీర్చినట్టు చదరంగా ఉంది. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, మళ్ళీ ఇచ్చినవాడు. ఎవరూ పిలవలేదు. ఎవరి చోటు ఎక్కడో ఎవరూ చూపలేదు. నేలమ్మ ఆ పలుకును అరచేతిలోకి తీసుకుంది.

అప్పటినుంచే రాగి కొడితే సాగుతుంది, వజ్రం మీద గీత పడదు. ఉప్పు కొడితే పగులుతుంది, నీళ్ళలో కలిసిపోతుంది, ఎండలో పెడితే చదరపు పలుకులై తిరిగొస్తుంది.

నేలమ్మ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. రాగి. బొగ్గు. ఉప్పు.

ఈసారి అందరూ వచ్చారు.