నలభై ఇళ్లకు ఒకే జవాబు

కాకినాడలో ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా ఉన్న త్రినాథ్‌కు, ఎదుటివారిని అడగకుండానే వారి మనసు తనకు తెలుసనుకునే అలవాటు ఉండేది.

ఫోనులో జనం ఫిర్యాదులు వినడం ఆ కంపెనీ పని. మేనేజరు వసుంధర ఆరు నెలలపాటు నలభై మంది చేత ఇంటినుంచే పని చేయించి చూసింది. అది బాగుంటే ఆఫీసు పూర్తిగా ఖాళీ చేయాలని ఆమె ఆలోచన.

"నలభై మందికీ ఫోను చేసి, ఇంట్లో పని ఎలా ఉందో అడుగు. ఒక్కరినీ వదలకు" అంది త్రినాథ్‌తో.

త్రినాథ్ ఇంట్లో పనికి వేరే గది ఉండేది. గంటకోసారి తల్లి కాఫీ తెచ్చి ఇచ్చేది. "ఇంట్లో కూర్చుని పని చేసుకోవడం ఎవరికి చేదు?" అనుకుని, ఎవరికీ ఫోను చేయకుండానే నలభై మంది జవాబు కాగితాల మీదా 'సుఖంగా ఉంది' అని తానే రాసేశాడు. వసుంధర అవి నమ్మింది. నెలాఖరుకు ఆఫీసు ఖాళీ చేస్తామని అందరికీ చెప్పింది. అక్కడి కుర్చీలను ఉద్యోగుల ఇళ్లకు చేర్చే పని త్రినాథ్‌కే అప్పగించింది.

మొదటి కుర్చీ సత్యవేణిది. ఆమె కుటుంబం పిండిమర మీది ఒంటిగదిలో ఉండేది. కింద మర ఆడుతుంటే మెట్లు అదిరిపోతున్నాయి.

"కుర్చీ ఎక్కడ వేయించమంటారు?" అని త్రినాథ్ గట్టిగా అరిచి అడిగాడు.

"నేను పని చేసే చోట పట్టదండి" అంటూ ఆమె స్నానాలగది తలుపు తీసింది. లోపల బోర్లించిన బకెట్, దాని మీద మడత పెట్టిన దుప్పటి ఉన్నాయి. "ఈ తలుపు వేసుకుంటేనే అవతలివాళ్ల మాట వినపడుతుంది. అయినా చప్పుడు వస్తోందని హెడ్డాఫీసు రెండు నోటీసులు ఇచ్చింది. మూడోది వస్తే ఉద్యోగం పోయినట్టే. ఆఫీసు ఉంటే గట్టెక్కుతాననుకున్నానండి."

త్రినాథ్ తల దించుకున్నాడు.

"మీరు ఫోను చేస్తారని మేడమ్ చెప్పారు. వారమంతా చూశాను. నా నంబరేమీ మారలేదు సార్."

"నాకు తెలుసనుకున్నాను సత్యవేణిగారూ."

"మీ ఇల్లు మీకు తెలుసండి" అంది ఆమె.

త్రినాథ్ కుర్చీలతో సహా వెనక్కి వచ్చి, జరిగింది దాచకుండా వసుంధరకు చెప్పాడు.

"నలభై మంది నోళ్లు నువ్వొక్కడివే నొక్కేశావు. ఈసారి ఫోను కాదు, ఇంటింటికీ వెళ్లు" అంది ఆమె.

తొమ్మిది రోజులు తిరిగాడు. ఇరవై ఆరుగురు ఇల్లే మేలన్నారు. పద్నాలుగు మంది ఆఫీసు కావాలన్నారు. ఈలోగా సత్యవేణికి మూడో నోటీసు వచ్చింది. తాను అడిగి ఉంటే ఆ కష్టం ముందే తెలిసేదని, తప్పు తనదేనని త్రినాథ్ హెడ్డాఫీసుకు రాసి సంతకం పెట్టాడు. వాళ్లు ఆ నోటీసు వెనక్కి తీసుకున్నారు. అతని సూపర్‌వైజరు పదవి కూడా తీసేశారు.

పద్నాలుగు మంది కోసం ఆఫీసులో సగం ఉంచారు. సత్యవేణి మళ్లీ అక్కడికి వచ్చి పనిలో కూర్చుంది. త్రినాథ్ కూడా అందరిలాగే ఫోన్లు ఎత్తసాగాడు.

మనకు సుఖమైనది అందరికీ సుఖమని అనుకోకూడదు. ఒకరి బతుకు గురించి నిర్ణయించే ముందు వారినే అడగాలి.