నీళ్ళు వచ్చే వరస

తబితమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ నోటివెంట మొదట వచ్చే మాట "చెప్పులేసుకో". జవాబు కోసం చాపమీద సర్దుకు కూర్చున్నవాళ్ళని లేపి నడిపించడం ఆవిడ అలవాటు. కృష్ణ ఒడ్డున ఒక పెంకుటింట్లో ఏడాదికి పదిమంది ఆడపిల్లలకి బైబిలు వాక్యం నేర్పి, పల్లెలకి బోధకు పంపేవారు. నలభై ఏళ్ళు నేర్పారు, ఒక్కరికీ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. బీరువా నిండా పుస్తకాలు పెట్టుకుని తాళంచెవి మొలలో దోపుకునే పండితులు కొందరు ఆవిడకి చదువు లేదనేవారు. అలా అన్నవాళ్ళ శిష్యులు ఎందరు నిలబడ్డారో నేను అడగను. వాళ్ళకి కష్టంగా ఉంటుంది.

ఆ ఏడు ప్రశ్న అడిగింది కెజియ అనే పిల్ల. తెలివిగలది, గొంతు మంచిది. భోజనాల ముందు ఆమె ప్రార్థన అందుకుందంటే మిగతావాళ్ళ అన్నం చల్లారిపోవలసిందే. సువార్తలు అయ్యాయి, అపొస్తలుల ఉత్తరాలు అయ్యాయి. ఇక మిగిలినవి ప్రభువు రెండో రాకడ పాఠాలు. ముద్రలు, బూరలు, మృగాలు, శ్రమలు, వాటి వెనక కొత్త ఆకాశం, కొత్త భూమి.

"ఇవి మానేద్దామండీ అమ్మగారూ," అంది కెజియ. "మా అమ్మమ్మగారి ఊరికి ఒకాయన వచ్చాడు. ఏడు తలల మృగాన్ని గుడ్డమీద రంగుల్లో వేయించుకుని, దాన్ని కర్రకి కట్టి తెచ్చాడు. ఫలానా శుక్రవారంతో అంతా సరి అన్నాడు. మా మావయ్య నమ్మి ఆ ఏడు విత్తనాలు చల్లలేదు. శుక్రవారం వెళ్ళింది, శనివారం తెల్లారింది. బోధకుడు మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. మా వాళ్ళు గంజి తాగి బతికారు. అప్పట్నించీ మా ఇంట్లో ఆ పాఠాలు ఎవరం తెరవం. ప్రభువు వస్తాడు, నమ్ముతున్నాను. రావాలని రోజూ ఏడుస్తున్నాను కూడా. ఎలా వస్తాడో, ముందు ఏం జరుగుతుందో నాకెందుకండీ? ప్రాణంగా ప్రేమించినవాడు వస్తుంటే దారి లెక్కలు ఎవరిక్కావాలి?"

మాట అందంగా ఉంది. ఇలాంటి మాటలకి సంఘాల్లో స్తోత్రాలు కూడా బాగా పడతాయి. జనాన్ని భయపెట్టి బతికేవాళ్ళు కొందరు, ఆ భయానికి జడిసి పుస్తకంలో చివరి ఆకులు అతికించేసుకున్నవాళ్ళు కొందరు. ఆ ఆకులు నెమ్మదిగా కూర్చుని చదివినవాళ్ళు మాత్రం దివిటీ పట్టుకు వెతికినా దొరకరు. తబితమ్మ గారు ఇదేమీ అనలేదు. "చెప్పులేసుకో," అన్నారు.

రెండు బస్సులు మారి, మూడు మైళ్ళు నడిచి వాళ్ళు చేరిన ఊరు తుమ్మలదిబ్బ. కాలువ పుట్టేది నది దగ్గర, కాలువ ప్రాణం వదిలేది ఈ ఊరి దగ్గర. దాని అవతల ఉప్పునేల, ఆ అవతల సముద్రం. ముప్పై ఇళ్ళు, తాటాకు కప్పిన ఒక మందిరం. కాలువలకి నీళ్ళు కట్టేసి అప్పటికి మూడు నెలలు దాటింది. పొద్దెక్కితే ఎండమావులు లేచి ఊరంతా నేలకి జానెడు ఎత్తున తేలుతున్నట్టుండేది. తాటిచెట్లు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి తమ నీడలు తామే చూసుకుంటున్నట్టుండేవి. దగ్గరికి వెళ్తే పగుళ్ళిచ్చిన మట్టి, దాని మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉప్పు. తొలకరి జల్లుని నమ్మి పోసిన నారుమడులు చివుళ్ళు ఎర్రబడి వంగిపోతున్నాయి. నాలుగు రోజుల్లో నీళ్ళు అందకపోతే ఆ నారు ఉండదు. నారు లేకపోతే ఊడ్పులు లేవు. ఊడ్పులు లేకపోతే ఆ ఏడు ఆ ఊళ్ళో పొయ్యిలు ఎలా వెలుగుతాయో ఎవరూ పైకి అనుకునేవారు కాదు. అందరి నడకలోనూ ఆ సంగతి కనిపించేది.

వాళ్ళు దిగింది దీనమ్మ ఇంట్లో. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగాయి, నోరు అరగలేదు. రోజూ పొద్దుగూకే వేళ అరుగుమీద కూర్చుని, పిల్లల్నీ కోడళ్ళనీ పోగేసి, ఊరి పొలాలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ, ఆ ఎండిన బోదెలోకి కాలువ నీళ్ళు ఏ వరసలో వస్తాయో చెప్పేది. పాఠం అప్పజెప్పించుకున్నట్టు అప్పజెప్పించుకునేది.

"ముందు గాలి తిరుగుతుంది, బురద వాసనేస్తుంది. తర్వాత కొంగలు బోదె వెంబడి పైనుంచి కిందికి దిగుతాయి. ఆ వెనక?"

"ముళ్ళకంప!" అనేవారు అందరూ.

"ముళ్ళకంప, చచ్చిన చేపలు, వాటి వెనక నల్లనీళ్ళు. కంపుకొడతాయి, పాములుంటాయి. హడిలిపోయి తూము మూసెయ్యకండి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటే రొయ్యల చెరువులవాళ్ళు వదిలిన మురుగు, చెక్కలు దించెయ్యండి. చప్పగా ఉంటే మనవే. ఎంత నల్లగా ఉన్నా మనవే. ఆ వెనక ఎర్రనీళ్ళు, ఆ వెనక తేటనీళ్ళు. మరి పామొస్తే?"

"దాని దారిన దాన్ని పోనీ!"

మొదటి సాయంత్రం కెజియ నవ్వి, "నీళ్ళు రావాలి గానీ అవ్వా, ఏ వరసలో వస్తే ఏం?" అని లేచి ఇంటి వెనక్కి ప్రార్థనకి వెళ్ళిపోయింది. రెండో సాయంత్రం నవ్వనైనా నవ్వలేదు, ముందే వెళ్ళిపోయింది. దీనమ్మ ఆ వెళ్ళిన వైపు చూసి, "మీ పిల్లకి భక్తి బాగానే ఉందండీ అమ్మగారూ, చెవులే కాస్త తక్కువ," అంది. తబితమ్మ గారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

మూడో సాయంత్రం కాలువ గేట్లు చూసే లస్కరు సైకిలు దిగకుండానే కేకేశాడు. "రేపు మీ వంతు! పొద్దుపొడిచిన కాడ్నించి పొద్దు వాలేదాకా. ఆ తర్వాత కాళ్ళమీద పడ్డా గేటు లేవదు. మళ్ళీ వంతు పదకొండో రోజున."

వంతు రోజున తుమ్మలదిబ్బవాళ్ళకి ఒక ఆచారం ఉంది. నడవగలిగిన ప్రతి మనిషీ, ఆడా మగా, చీకటితో లేచి బోదె గట్టు వెంట పైకి నడిచిపోతారు. దారిలో పైఊళ్ళ పొలాల్లోకి నీళ్ళు మళ్ళే ఒక్కొక్క మడవ దగ్గర ఒక్కొక్కరు నిలబడిపోతారు. లేకపోతే ఆ నీళ్ళు చివరిదాకా రావు, మధ్యలోనే ఎవరో ఒకరి పొలం తాగేస్తుంది. అందుకని ఆ రోజు ఊళ్ళో మిగిలేది నడవలేనివాళ్ళే. దీనమ్మ నారుమడుల దగ్గర గట్లు తెంచడానికి ఉంటుంది. తూము దగ్గర ఎవరుండాలి అనేసరికి కెజియ, "నేనుంటాను," అంది.

"వరస గుర్తుందా పంతులమ్మా?" అని అడిగింది దీనమ్మ.

"ఉంది అవ్వా."

గుర్తు లేదు. ఆ మాట అనడానికి సిగ్గేసింది, అంతే. మూడు రోజులుగా వినమని బతిమాలిన ముసలమ్మ ముందు, ఏడాది పాటు వాక్యం చదివిన పిల్ల, మళ్ళీ చెప్పు అని ఎలా అడుగుతుంది! తబితమ్మ గారు ఆమె మొహంలోకి ఒకసారి చూశారు. మర్నాడు చీకటితోనే కర్ర తీసుకుని మిగతా ఆడవాళ్ళతో పైకి నడిచిపోయారు.

పొద్దు బారెడెక్కాక గాలి తిరిగింది. కెజియకి అది చల్లగా తగిలింది, హాయిగా ఉందనుకుంది. కొంగలు ఒకదాని వెనక ఒకటి, తెల్లగా, చప్పుడు లేకుండా బోదె వెంబడి దిగుతూ వచ్చాయి. ఎంత బాగున్నాయో అనుకుంది. ఆ తర్వాత ఎండుటాకుల మీద ఎవరో చీరకొంగు ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఒక చప్పుడు. మలుపులోంచి ముళ్ళకంప ప్రాణమొచ్చినట్టు పాకుతూ వచ్చింది, దాని సందుల్లో పొట్టలు తేలేసిన చేపలు, దాన్ని నెడుతూ కాటుకలాంటి నీళ్ళు, వాటి మీద నురగ. నురగలోంచి ఒక పాము తలెత్తింది. దాని పక్కన ఇంకొకటి.

కెజియ పిరికిది కాదు. పారిపోలేదు. రొయ్యల చెరువులవాళ్ళు విషం వదిలారు, ఈ పేదవాళ్ళ నారు చంపేస్తారు అనుకుంది. చీర ఎగదోపి దిగి, నాలుగు చెక్కలూ తూము గాడిలోకి దింపి, సందుల్లో బురద మెత్తింది. తోవ మూసుకుపోయిన నీళ్ళు కాసేపు అక్కడే సుడి తిరిగి, పక్క పల్లంలోకి పొర్లి, మురుగు కాలువలో పడి సముద్రం వైపు మళ్ళాయి. ఊరిని కాపాడానన్న తృప్తితో ఆమె గట్టెక్కింది. చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. అంత బురద పూసుకుంది గానీ ఒక్క వేలు నాలికకి తగిలించుకోలేదు.

ఆ కంపుకి వీపు పెట్టి, తలమీద కొంగు కప్పుకుని మోకాళ్ళూనింది. "తండ్రీ, మంచి నీళ్ళు పంపు," అని ప్రార్థించింది. దొంగ ప్రార్థన కాదు, నిజంగానే కన్నీళ్ళు కార్చింది. గోరువెచ్చని గాలి, వెనక ఎక్కడో నీటి గలగల. ఆ గలగలే ఆమెని ఒక కలలోకి తీసుకుపోయింది. కలలో అద్దంలాంటి నీళ్ళు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. రెండు గట్ల మీదా కాయలతో వంగిన చెట్లు. ఆడవాళ్ళు బిందెలు ముంచుకుంటున్నారు, ఎవరూ ఎవరినీ తొయ్యడం లేదు. వాళ్ళ నడుమ ఆమె మావయ్య పంచె ఎగ్గట్టి విత్తనాలు చల్లుతున్నాడు, అవి నేల తాకుతూనే పచ్చబడుతున్నాయి. ఆ కలకి నేను వంక పెట్టను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె వీపు వెనకే నల్లనీళ్ళు ఎర్రబడ్డాయి, ఎర్రనీళ్ళు తేటపడ్డాయి. తేటనీళ్ళు ఆమె మెత్తిన బురదని నెమ్మదిగా నాకుతూ, చెక్కల్ని తడుముతూ, పక్కకి తిరిగి సముద్రానికి వెళ్ళిపోతున్నాయి.

నడినెత్తికి పొద్దొచ్చేదాకా నారుమడుల దగ్గర చూసి చూసి, దీనమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ తూము దాకా నడిచొచ్చింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ప్రార్థన అవ్వా!" కెజియ కళ్ళు తెరిచింది. "రొయ్యలవాళ్ళు విషం వదిలారు, నేను ఆపేశాను. మన నీళ్ళు ఇంకా రాలేదు."

దీనమ్మ గట్టు దిగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"చప్పగానే ఉన్నాయి," అంది.

"నల్లగా వచ్చాయి అవ్వా! పాములు కూడా..."

"మూడు నెలలు ఎండిన బోదెలో పాములుండక పావురాలుంటాయా? నీళ్ళకి తలంటి, జడేసి, పూలు పెట్టి పంపుతారనుకున్నావా? పట్టు, పట్టు ఆ చెక్క!"

నానిన చెక్కలు ఉబ్బి గాడిలో బిగుసుకుపోయాయి. ముసలి చేతులూ పడుచు చేతులూ కలిసి లాగితే ఒక్కొక్కటీ ఊడేసరికి పొద్దు వాలు ముఖం పట్టింది. నీళ్ళు తూము దాటి పరుగెత్తాయి. మొదటి మడులు తాగాయి, నడిమి మడులు గొంతు తడుపుకున్నాయి. అంతలో పైన గేటు పడింది. అన్నిటికంటే చివరి మడి దీనమ్మది. నీటి నాలుక దాని గట్టుకి మూరెడు దూరం దాకా వచ్చి, ఆగి, మట్టిలోకి ఇంకిపోయింది.

సాయంత్రం ఊరు పాడుకుంటూ దిగి వచ్చింది. మడులు చూసి పాట ఆపింది. దీనమ్మ కొడుకు యోబు తమ మడి గట్టున గొంతుక్కూర్చుని ఒక మొక్క పీకి చూశాడు. వేళ్ళ మధ్య అది పొడైంది. "పదమూడు మడవల దగ్గర కాపలా కాశామమ్మా," అన్నాడు. "తిట్టించుకున్నాం, బతిమాలాం, ఒక్క చుక్క పోనివ్వలేదు. ఇక్కడేమైంది?"

"ఏదో అడ్డం పడిందిలేరా," అంది దీనమ్మ.

"నేనే అన్నయ్యా," అంది కెజియ. "తూము నేనే మూశాను."

ఎవరైనా తిట్టి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది. యోబు ఆ పొడిని మడిలోనే దులిపి లేచాడు. ఒక్కొక్కరే ఇళ్ళకి పోయారు. గట్టుమీద తబితమ్మ గారూ కెజియా మిగిలారు. దూరంగా, సముద్రం వైపు, మురుగు కాలువలో ఇంకా ఒక సన్నని మెరుపు కదిలిపోతోంది.

"నేను నీళ్ళు వద్దనలేదు అమ్మగారూ," అంది కెజియ. "పొద్దున్నుంచీ వాటి కోసమే మోకాళ్ళ మీద ఉన్నాను."

తబితమ్మ గారు ఆ నల్లటి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నారు.

"నిజమేనమ్మా," అన్నారు. "ఇవాళ ఈ ఊళ్ళో నీ అంత ఎదురుచూసినవాళ్ళు లేరు."