డేగ అంటే ముళ్లపొద

ఇప్పలకోన అడవిలో ఉడుతలు, గోరింకలు, కుందేళ్లు, అడవికోళ్లు, ఒక పంతులు చిలుక ఉండేవి. ఆ అడవిలో ఫాల్గుణ పౌర్ణమి నాడు బుడంకాయ అనే బుల్లి ఉడుతకు అన్యాయం జరిగింది. చేసింది పంతులు చిలుక. అడగవలసిన పెద్దలంతా తలలు ఊపుతూ కూర్చున్నారు.

సంగతి ఇదీ. ఇప్పపూలు రాలే కాలం వచ్చిందంటే ఆ అడవిలో పండగే. తెల్లవారేసరికి చెట్టు కింద నేలంతా తియ్యటి పూలు. కానీ అక్కడ చాటు లేదు. పైనుంచి డేగ వస్తే ఒకరు కేక వేయాలి, మిగతావాళ్లకు ఆ మాట అర్థం కావాలి. అందుకని మాటలు వచ్చిన పిల్లల్నే పెద్దలు అక్కడికి పంపేవారు. మాటలు వచ్చాయో లేదో తేల్చేది పంతులు చిలుక.

ఆ చిలుక ఒకప్పుడు ఊళ్లో పంజరంలో పెరిగింది. అక్కడ ఒక మాట పలికితే ఒక జామముక్క దొరికేది. దానికి తెలిసిన చదువంతా అదే. పిల్లల్ని కొమ్మ మీద వరసగా కూర్చోబెట్టి, కళ్లు మూయించి, "డేగ!" అనేది. పిల్లలు "డేగ, డేగ, డేగ!" అని గొంతెత్తి అరిచేవి. డేగ ఎలా ఉంటుందో వాటిలో ఒక్కదానికీ తెలియదు.

పౌర్ణమి నాడు పరీక్ష పెట్టారు. ముత్యం అనే గోరింక పిల్ల అన్నీ గడగడా అప్పజెప్పింది. తర్వాత బుడంకాయ వంతు. సరిగ్గా అప్పుడే ఒక ఎండుటాకు గాలిలో తిరుగుతూ దిగింది.

"డేగ!" అన్నాడు బుడంకాయ, దాన్ని చూపించి.

కొమ్మంతా నవ్వులు.

"ఆకును పట్టుకుని డేగ అంటావా, మొద్దు మొహమా! వీడికి మాటలు రావు. ఈ యేడు వీడికి ఇప్పపూలు లేవు" అని తీర్పు చెప్పింది చిలుక.

బుడంకాయ అవ్వ ముందుకొచ్చింది. "పంతులుగారూ, మిగతావాళ్లంతా కళ్లు మూసుకుని అరిచారు. మావాడొక్కడే కళ్లు తెరిచి అన్నాడు. అది చూశారా?"

"చూడ్డం కాదమ్మా, పలకడం ముఖ్యం."

"అలాగా! అయితే మీ పలుకులు మీ దగ్గరే ఉంచుకోండి" అని అవ్వ మనవడిని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

దారిలో బుడంకాయ వెక్కుతూ అడిగాడు. "అవ్వా, నేను మొద్దునా?"

"ఎవడ్రా అన్నది? పైనుంచి కిందికి వచ్చేదాన్ని డేగ అన్నావు. సగం నిజమే కదా! మిగతా సగం నేర్చుకుందాం, పద."

అవ్వ పాఠానికి వరస లేదు, కేకలు లేవు. బుడంకాయ దేనివైపు చూస్తే దాని పేరే చెప్పేది. వాడి తల పట్టుకుని తనకు కావలసిన వైపు తిప్పేది కాదు. కాకి ఎగిరితే వాడు "డేగ!" అనేవాడు.

"కాదు నాన్నా, కాకి. రెక్కలు ఎలా ఆడిస్తోందో చూడు. డేగ రెక్కలు చాచి ఊరికే తేలుతుంది."

ఒకరోజు కొండ మీద నిజం డేగే కనిపించింది. "అదిగో, డేగ!" అంటూ అవ్వ వాడిని ముళ్లపొదలోకి లాక్కుపోయింది. ఆనాటి నుంచి ఆ మాట వినబడితే చాలు, ఇద్దరూ పొదలో దూరేవారు. వాడికదో ఆట. ఆడి ఆడి అలిసిపోయి తొర్రలో నిద్రపోయేవాడు.

లేవగానే అవ్వ అడిగేది. "నిన్న తేలుతూ పోయిందే, దాని పేరేమిట్రా?" గుర్తు రాకపోతే తిట్టేది కాదు. తల గోక్కుంటూ వెతుక్కోనిచ్చేది. అప్పటికీ రాకపోతే మళ్లీ చూపించేది. రాత్రంతా నిద్రలో నానిన మాట పొద్దుటికి శనగగింజలా ఉబ్బేది.

ఉగాది వచ్చింది. చెట్టు కింద పిల్లలు పూలు ఏరుకుంటున్నాయి. పంతులు చిలుక కూడా దిగి, అందరికంటే పెద్ద పువ్వు ముందేసుకుని కూర్చుంది. పై కొమ్మ మీద బుడంకాయ గుటకలు మింగుతున్నాడు.

ఇంతలో నేల మీద ఒక నీడ జారింది. రెక్కలు ఆడడం లేదు.

"డేగ!" అని కెవ్వున అరిచాడు బుడంకాయ.

కింద పిల్లలన్నీ చటుక్కున కళ్లు మూసుకుని, "డేగ, డేగ, డేగ!" అన్నాయి. నేర్పిన చదువు నేర్పినట్టే అప్పజెప్పాయి పాపం!

"శభాష్!" అంది చిలుక, పువ్వు మీదనుంచి తలైనా ఎత్తకుండా.

బుడంకాయ ఒక్క దూకు దూకాడు. "కళ్లు తెరవండర్రా! పొదలోకి పరుగెత్తండి!" అంటూ ముత్యం రెక్క పట్టుకుని లాగాడు. మిగతా పిల్లలు వాడి వెంట పరుగెత్తి అల్లంత దూరంలోని ముళ్లపొదలో దూరాయి. డేగ దిగేసరికి నేల మీద మిగిలింది పంతులు చిలుక ఒక్కటే.

చిలుక ఎలాగో తప్పించుకుంది. దాని తోక మాత్రం డేగ కాలిగోళ్లలో ఎగిరిపోయింది.

కేకలు విని అవ్వ తొర్రలోంచి దిగివచ్చి తోకలేని చిలుకను ఎగాదిగా చూసింది. "ఇక ఆ మాట మీకూ వచ్చినట్టే పంతులుగారూ. మరిచిపోరు లెండి."

మర్నాటి నుంచి తల్లులంతా పిల్లల్ని అవ్వ వెంట పంపారు. చిలుక కూడా వెనకాలే వచ్చేది, ఈసారి కళ్లు తెరుచుకుని.

ఆ ఉగాది ఉదయమే, డేగ వెళ్లిపోయాక, బుడంకాయ ఒక పువ్వును రెండు చేతులా పట్టుకుని కొరికాడు. బుగ్గ నిండా రసం ఉన్నప్పుడే అవ్వ వాడి చెవిలో దాని పేరు చెప్పింది. బుడంకాయకు 'ఇప్పపువ్వు' అనే మాట వచ్చింది చైత్ర శుద్ధ పాడ్యమి నాడు.

నీతి: కళ్లు మూయించి నేర్పిన మాట నోట్లోనే ఉంటుంది, చూసి, ఆడి, నిద్రపోయి లేచి గుర్తుచేసుకున్న మాటే ఆపదలో ఆదుకుంటుంది.