బొంతయ్య గొంతులోకి పసిరిక

బహుధాన్య నామ సంవత్సరంలో, చలి వెనక్కి తగ్గి ఇప్పపూలు రాలడం మొదలైన రోజుల్లో జరిగింది ఇది. అనగనగా ఆ ఇప్పచెట్ల అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. పేరు బొంతయ్య. ఒంటినిండా బొంత కప్పుకున్నట్టు జుట్టు. అతను అడుగు వేస్తే ఎండుటాకులు పిండయ్యేవి. అరిస్తే కొండకు అవతల మేసే దుప్పులు కూడా మేత ఆపి తలెత్తేవి.

అలాంటి బొంతయ్యకు మింగుడు పడకుండా పోయింది.

మొదట తేనె మింగితే గుచ్చుకున్నట్టు అనిపించింది. తర్వాత చెదపురుగులు మింగినా గుచ్చుకుంది. ఆఖరికి నీళ్ళు తాగినా రొమ్ము వెనకాల ఎవరో గిల్లినట్టు ఉండేది. బొంతయ్య ఎవరికీ చెప్పలేదు. బయటికి చెబితే జబ్బు నిజమైపోతుందని అతని నమ్మకం.

భార్య సోమాలు కనిపెట్టింది. ఒకరోజు ఆమె చెదపుట్ట తవ్వి పిలిస్తే, "నువ్వు తినవే, నాకు ఆకలిగా లేదు" అన్నాడు.

సోమాలు తవ్వడం ఆపేసింది. "పెళ్ళయిన దగ్గర్నుంచి నీ నోట ఈ మాట వినలేదు. పదవయ్యా, సన్నమ్మ దగ్గరికి" అంది.

సన్నమ్మ ఆ అడవికి వైద్యురాలు. పసిరిక పాము. చెట్టు మీద ఉంటే తీగ ఏదో, సన్నమ్మ ఏదో తెలిసేది కాదు. లోపలి జబ్బులు చూడటంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎలా చూసేదంటారా? నోట్లోంచి లోపలికి దిగి చూసేది. వెలుగు కోసం ముక్కు మీద ఒక మిణుగురు పురుగును కూర్చోబెట్టుకునేది. ఆ మిణుగురు పేరు వీరాసామి. ఒళ్ళు వడ్లగింజంత, పేరు కొండంత.

సన్నమ్మ బొంతయ్య రొమ్ము మీద ముక్కుతో తట్టి చూసింది.

"లోపల ఏదో ఉంది. ఏముందో బయటినుంచి చెప్పలేను. రేపు పొద్దున దిగి చూస్తాను. ఇప్పటినుంచి ఏమీ తినకు. ఖాళీ కడుపుతో రా" అంది. తర్వాత బొంతయ్య ముఖంలోకి చూసి, "భయంగా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. ఏం జరుగుతుందో మొదటినుంచి చివరిదాకా విడమరిచి చెబుతాను" అంది.

బొంతయ్యకు భయంగానే ఉంది. కాని పక్కన భార్య ఉంది. ఎదురుగా కొమ్మ మీద తమ వంతు కోసం కూర్చున్న ఉడతలు ఉన్నాయి.

"ఎలుగుబంటికి భయమేమిటమ్మా! నువ్వు దిగు. కావాలంటే నీ చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని దిగు" అన్నాడు బొంతయ్య.

ఉడతలు మెచ్చుకుంటూ తలలూపాయి. సన్నమ్మ మాత్రం ఊపలేదు.

దారిలో సోమాలును ఇంటికి పంపేసి, బొంతయ్య అడవి మీద పడ్డాడు. అడగవలసిన ప్రశ్నలు కడుపునిండా ఉన్నాయి. వాటిని అడగవలసిన చోట మింగేశాడు, ఇప్పుడు కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. అదీ తన పేరు మీద కాదు.

మొదట నెమలి కనిపించింది.

"నెమలమ్మా, మా తోడల్లుడికి రేపు సన్నమ్మ పరీక్షట. ఏం చేస్తుందంటావు?"

"పసిరికా! అది కళ్ళు పొడుస్తుందయ్యా. బయట ఉంటే బయటినుంచి పొడుస్తుంది. లోపలికి వెళ్తే లోపలినుంచి పొడుస్తుంది. మీ తోడల్లుడి కళ్ళు మంచివేనా?"

"నా అంత మంచివే" అన్నాడు బొంతయ్య, గబగబా రెప్పలు కొట్టుకుంటూ.

తర్వాత కోతి కనిపించింది.

"ఓస్, అదా! ఏమీ ఉండదు మామా. అసలు తెలియనే తెలియదు. మా పెద్దమ్మ కొడుకు నవ్వుతూ చేయించుకున్నాడు" అంది కోతి.

బొంతయ్యకు ప్రాణం లేచి వచ్చింది. "మీ అన్న ఇప్పుడెక్కడ ఉన్నాడు?" అని అడిగాడు.

"ఏమో మామా. ఆ రోజునుంచి ఎవరికీ కనబడలేదు."

లేచి వచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది.

మూడోసారి నక్క ఎదురైంది. నక్క మిగతావాళ్ళలా తొందరపడలేదు. తాపీగా కూర్చుని, తోక సర్దుకుని అంతా విన్నది.

"ఖాళీ కడుపుతో రమ్మందా, బావా?" అని అడిగింది.

"అవును."

"ఎందుకు రమ్మందో ఆలోచించారా ఎవరైనా? పొద్దున్నే ఆకలి మీదున్న పాము. లోపలికి దిగి చూస్తే తినడానికి ఇంకేమీ లేదు. పేగులు మాత్రం మెత్తగా, వెచ్చగా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. నువ్వైతే ఏం చేస్తావు?"

బొంతయ్య ఆలోచించాడు. తనైతే తినేసేవాడే.

"మరి మా తోడల్లుడు ఏం చెయ్యాలి బావా?"

"ఇంటికి ఎవరైనా వస్తే ముందు ఫలహారం పెట్టమా? ఇదీ అంతే. లోపల ఏదైనా తినడానికి ఉంచితే, వచ్చినవాళ్ళు అది తిని మర్యాదగా వెళ్ళిపోతారు."

ఈ మాట బొంతయ్యకు చాలా సబబుగా తోచింది.

తెల్లవారుజామున, అడవికోడి కూసే వేళకు, బొంతయ్య ఇప్పచెట్టు కింద ఉన్నాడు. అక్కడ ఒక రాతి గుంట ఉంది. అందులో పూలు రాలి, నీళ్ళలో నాని, బాగా పులిసి ఉన్నాయి. మింగుతుంటే గొంతు మండింది. కళ్ళు మూసుకుని మింగాడు. పరీక్షకు వచ్చే అతిథులకు తక్కువ కాకూడదని గుంట అడుగుదాకా నాకాడు. ఎందుకో ధైర్యం కూడా వచ్చింది. ఊగుతూ సన్నమ్మ దగ్గరికి వెళ్ళాడు. సోమాలు అప్పటికే అక్కడ ఉంది.

"ఏమైనా తిన్నావా?" అని అడిగింది సన్నమ్మ.

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

"ఊగుతున్నావేం?"

"ఆకలికమ్మా, ఆకలికి."

"భయంగా ఉందా?"

"అడిగిందే అడుగుతావేం! కానీ!" అని నోరు బార్లా తెరిచాడు.

వీరాసామి సన్నమ్మ ముక్కు మీదెక్కి వెలిగాడు. సన్నమ్మ నాలుక మీదుగా పాకి గొంతులోకి దిగింది. తోక చివర మాత్రం బయట వేలాడుతోంది.

కాసేపటికి లోపలినుంచి వీరాసామి గొంతు వినబడింది. "అక్కా, ఇక్కడ వరద వచ్చింది!"

"కదలకు. ఏదీ కనబడటం లేదు. ఇదేం వాసనరా, వీరాసామీ?"

"చూసి చెబుతానుండు." జుర్రుమన్న చప్పుడు. "తియ్యగా ఉందక్కా." ఇంకోసారి జుర్రుమన్న చప్పుడు. "నువ్వూ చూడు."

ఈసారి జుర్రుమన్న చప్పుళ్ళు రెండు వినబడ్డాయి. ఆ తర్వాత బొంతయ్య కడుపులోంచి పాట మొదలైంది. ఒకటి సన్నగొంతు, ఒకటి బుసబుసగొంతు. రెండూ ఒక దారిన లేవు.

సోమాలు చెవి రొమ్ముకు ఆనించింది. "ఏమయ్యా, నీ కడుపు పాడుతోందేమిటి?"

నోరు తెరిచి ఉన్న బొంతయ్య "ఆ... ఆ..." అనడం తప్ప ఏం చెప్పగలడు?

లోపల పాట ఆగింది. వీరాసామి గట్టిగా అన్నాడు: "అక్కా, ఇల్లు బాగుంది. వెచ్చగా ఉంది. తిండికి లోటు లేదు. ఇక్కడే కాపురం పెట్టేద్దాం!"

అంతే. బొంతయ్యకు నక్క మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. టక్కున నోరు మూశాడు.

లోపలినుంచి ఒక కేక వినబడింది. సోమాలు బొంతయ్య వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బకు సన్నమ్మ, వీరాసామి, గుంటెడు ఇప్పపూలు కలిసి బయట పడ్డాయి. సన్నమ్మ తోక చివర జానెడు ముక్క మాత్రం విడిగా పడింది.

బొంతయ్య అది చూశాడు. వెనక్కి తిరిగి పారిపోయాడు.

సన్నమ్మ మత్తు దిగడానికి ఒక పగలు పట్టింది. తోక నొప్పి మొదలైంది ఆ తర్వాతే.

బొంతయ్య గుహలో మూలకు తిరిగి పడుకున్నాడు. "నేనిక వెళ్ళను" అన్నాడు. సోమాలు తేనె తెచ్చింది, మింగలేకపోయాడు. ఆకుదొన్నెలో నీళ్ళు తెచ్చింది, సగం బయటికి వచ్చేశాయి. నాలుగు పూటలు గడిచేసరికి బొంత కింద పక్కటెముకలు తేలాయి. బొంతయ్య అరుపు వినబడక దుప్పులు కొండకు ఇవతల కూడా మేయడం మొదలుపెట్టాయి.

సోమాలు అతని పక్కన కూర్చుంది. "ఇలాగే ఉంటే నువ్వు వానలు చూడవయ్యా. నిజం చెప్పు. ఎందుకు తిన్నావు?"

బొంతయ్య గోడ వైపు చూస్తూనే అన్నాడు: "భయం వేసిందే."

ఎలుగుబంటి ఏడుస్తుందా అని అడగొద్దు పిల్లలూ. ఏడ్చింది. ఎలుగుబంటి ఏడిస్తే ముక్కు కారుతుంది. సోమాలు తుడిచింది.

"ఈ మాట నాకు చెబితే ఏం లాభం? చెప్పవలసిన ఆవిడకు చెప్పు" అంది.

బొంతయ్య వెళ్ళాడు. ఉడతలు కొమ్మ మీదే ఉన్నాయి. వాటి ముందే చెప్పాడు. తిన్నానని చెప్పాడు, ఎందుకు తిన్నాడో చెప్పాడు, తోడల్లుడు లేడని కూడా చెప్పాడు.

సన్నమ్మ తోకకు ఆకు కట్టు కట్టుకుని ఉంది. అంతా విని బుస్సుమంది.

"నీ పేగులు తింటానా? ఏం తిని పెంచావయ్యా వాటిని? చెదపురుగులు! ఆ వాసనకు ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. ఖాళీ కడుపుతో రమ్మన్నది లోపల దారి కనబడటానికి."

"నేనైతే మళ్ళీ దిగను. మొన్నటి తలనొప్పి ఇంకా వదల్లేదు" అన్నాడు వీరాసామి.

"నువ్వు తాగకపోతే రాదు" అంది సన్నమ్మ. తర్వాత బొంతయ్యతో, "ఇంకేమైనా అడగాలా? అన్నీ అడుగు. సిగ్గుపడితే ఈసారి నేనే దిగను" అంది.

"కళ్ళు పొడుస్తావా?"

"నీ కళ్ళు గొంతులో ఉన్నాయా?"

"లేవు. నొప్పి పుడుతుందా?"

"నొప్పి కొంచెం. వికారం ఎక్కువ. డోకు వస్తుంది, కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. ఊపిరి ఆడటం లేదనిపిస్తుంది, కాని ఆడుతూనే ఉంటుంది. ముక్కుతో మెల్లగా పీల్చు. అంతకంటే ఏమీ జరగదు."

ఏమీ ఉండదని కోతి చెప్పినా బొంతయ్యకు భయం పోలేదు. ఇంత ఉంటుందని సన్నమ్మ చెబితే భయం తగ్గింది. ఎందుకో అతనికే అర్థం కాలేదు.

"మధ్యలో భయం వేస్తే?"

"కుడిచెయ్యి ఎత్తు. ఎత్తిన చోటే ఆగిపోతాను. నువ్వు దించాకే కదులుతాను."

"నిజంగా ఆగుతావా?"

"ఎత్తి చూడు."

మర్నాడు బొంతయ్య ఖాళీ కడుపుతో వచ్చాడు. ఈసారి సన్నమ్మ అతని దవడల మధ్య ఒక లావాటి కర్ర పెట్టించింది. "నీ మీద నమ్మకం లేక కాదు, నీ పళ్ళ మీద లేక" అంది. సోమాలు వెనక కూర్చుని వీపు గోకుతోంది.

సన్నమ్మ ముక్కు నాలుకను తాకీ తాకగానే బొంతయ్య చెయ్యి ఎత్తాడు. సన్నమ్మ ఆగింది. దించాడు. కదిలింది. వెంటనే మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది.

"ఇలా అయితే మనం వినాయక చవితికి బయటికి వస్తాం" అని సణిగాడు వీరాసామి.

"నువ్వు వెలుగు. మాట్లాడకు" అంది సన్నమ్మ.

మూడోసారి బొంతయ్య చెయ్యి సగం ఎత్తి, అక్కడే ఆపి, తనే దించేశాడు. ఎత్తితే ఆగుతుందని తెలిసిపోయింది కదా. డోకు వచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. చెప్పినట్టే అన్నీ జరిగాయి, చెప్పనిది ఒక్కటీ జరగలేదు. బొంతయ్య ముక్కుతో మెల్లగా ఊపిరి పీల్చాడు.

"దొరికింది!" అన్నాడు లోపలినుంచి వీరాసామి.

సన్నమ్మ నోట కరుచుకుని బయటికి లాక్కొచ్చింది. ఒక తుమ్మముల్లు. అడ్డంగా ఇరుక్కుని ఉందట. చుట్టూ చీము పట్టిందట.

"ఇదేనా? ఇంతేనా?" అన్నాడు బొంతయ్య. లోపల ఏదో జంతువు పెరుగుతోందనుకున్నాడు పాపం.

"తేనెపట్టును కొమ్మతో సహా మింగకయ్యా, విదిలించి తిను అంటే వింటేగా!" అంది సోమాలు.

బొంతయ్య దొన్నెడు నీళ్ళు తాగాడు. గటగటా దిగాయి. ఇంకో దొన్నె తాగాడు. అప్పుడు సన్నమ్మ కట్టు వైపు చూసి, "అమ్మా, అది మళ్ళీ వస్తుంది కదా? బల్లులకు వస్తుందిగా?" అన్నాడు.

"బల్లులకు వస్తుంది. నేను పామును" అంది సన్నమ్మ.

బొంతయ్య ఆ వేసవంతా కడుపునిండా తిన్నాడు. సన్నమ్మ తోక జానెడు పోయింది, మళ్ళీ పెరగలేదు. ఆమె ఇక కొమ్మకు తోక చుట్టి వేలాడలేకపోయింది. వైద్యమంతా నేల మీదినుంచే చేసింది.

నీతి: భయపడటం తప్పు కాదు. వైద్యం చేసేవాళ్ళ దగ్గర భయాన్ని దాచి అబద్ధమాడితే, ఆ దెబ్బ వాళ్ళకూ తగులుతుంది.