పనిముట్ల బండి

అనగా అనగా, బళ్ళలో వల్లెవేయడమే చదువనుకునే రోజుల్లో, సోమాచారి అనే కుర్రాడు ఉండేవాడు. అప్పుడే చదువు ముగించాడు. "పనిముట్లన్నీ ఒక బండిలో పెట్టి బడిబడికీ తిప్పితే, పిల్లలు చేత్తో కూడా నేర్చుకుంటారు మహారాజా" అని రాజుకి పథకం గీసి చూపించాడు.

"మీసం సరిగ్గా రాలేదు, రాజ్యానికే పాఠం చెబుతున్నాడు!" అని మంత్రి నవ్వాడు.

రాజు మాత్రం, "ముందు మూడు బళ్ళకి తిప్పు. పిల్లలు చేసినవి తెచ్చి చూపించు. బాగుంటే ఊరూరికీ బండి. లేదంటే ఇంతటితో సరి" అన్నాడు.

మొదటి బడిలో ఒకడు రంపం పట్టుకోబోయాడు. "రంపం పళ్ళు విరుగుతాయిరా, ఆగు! నేను చేసి చూపిస్తా" అని సోమాచారే బొంగరం చేశాడు.

రెండో బడిలో పిల్లలు సుత్తి అడిగారు. "వేళ్ళు నలుగుతాయి" అని పీట కూడా తనే చేశాడు.

మూడో బడిలో అంకమ్మ అనే పిల్ల, "అన్నా, ఒక్కసారి ఉలి ఇవ్వవా?" అని బతిమాలింది. "ఈసారికి చూడమ్మా" అని తనే చిలకని చెక్కాడు.

తిరుగుదారిలో సోమాచారి బండిలోకి చూసుకున్నాడు. పిల్లలు చేసిందంటూ ఒక్కటీ లేదు! మంత్రి నవ్వు గుర్తొచ్చింది. గబగబా మూడింటి మీదా పిల్లల పేర్లు రాసేశాడు.

సభలో వాటిని చూసి రాజు మురిసిపోయి, "ఈ అంకమ్మని పిలిపించండి" అన్నాడు.

అంకమ్మ వచ్చింది.

"ఈ చిలకని నువ్వే చెక్కావా తల్లీ?" అన్నాడు రాజు.

పిల్ల చిలక మీద తన పేరు చూసింది. పాలిపోయిన సోమాచారి మొహం చూసింది. "నేనే మహారాజా" అంది.

"ఏదీ, చెక్కి చూపించు."

అంకమ్మ ఉలి తీసుకుని, పదును వైపే గుప్పిట బిగించబోయింది.

"వద్దమ్మా!" సోమాచారి పరుగున వచ్చి ఆపాడు. "మహారాజా, మూడూ నేనే చేశాను. ఈ పిల్లకి ఉలి పట్టుకోవడం కూడా నేర్పలేదు."

"మరి నువ్వెందుకు అబద్ధమాడావే?" అన్నాడు మంత్రి.

"బండి మా బడికి మళ్ళీ రాదేమోనని. ఈసారైనా అన్న నాకు ఉలి ఇస్తాడనుకున్నా."

సోమాచారికి తల ఎత్తబుద్ధి కాలేదు. మంత్రి నవ్వినా బాగుండుననిపించింది. మంత్రి నవ్వలేదు.

"ఒప్పుకున్నావు కనక బండి నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు రాజు. "ఆ మూడు బళ్ళకే మళ్ళీ వెళ్ళు. పట్టుకోవడం నేర్పు. ఆపైన చేతులు కట్టుకు కూర్చో."

అంకమ్మ బడిలో మూడు చెక్కలు చీలిపోయాయి. సోమాచారి నోరెత్తకుండా నాలుగోది అందించాడు.

పిల్లల చేతికి పని ఇవ్వకుండా వాళ్ళ పేరు వాడుకున్నవాడు, ఆ పిల్లల ముందే తలదించుకోవాల్సి వస్తుంది.